చీకటితో బయలుదేరే సైకిళ్లు



అనంతపురం సీమ అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది ఎండ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే నేల ఇది. ఇక్కడి కరవును గురించి చెప్పినవారు, వ్రాసినవారు ఎందరో ఉన్నారు గాని, ఇక్కడి చలిని గురించి చెప్పినవారు అరుదు. అయితే నవంబరు దాటి, ఈశాన్యపు వానలు తెరిపి ఇచ్చిన తరువాత, హిందూపురంలో గాని, పెనుకొండలో గాని, ధర్మవరంలో గాని తెల్లవారుజామున ఒకసారి వీధిలోకి వచ్చి చూడండి. టీ కొట్ల ముందర చలిమంటలు, చెవుల మీదికి చుట్టుకొన్న తువ్వాళ్లు, వాటి నడుమ గంట కొట్టుకొంటూ పోయే సైకిళ్లు కనబడతాయి.

ఈ మూడు పట్టణాలూ ఒకే రైలు దారి మీద ఉన్నవి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు చేరియున్నవి. పరిచర్య నిమిత్తం మేము చలికాలమంతా వీటి మధ్యనే తిరుగుతుంటాము. రైలులోనో బస్సులోనో ఊరు చేరడం, ఎవరింటనైనా ఒక సైకిలు అడిగి తీసుకోవడం, తిరగవలసిన వీధులు తిరగడం మాకు అలవాటు. అలా తిరుగుతూ చూచిన సంగతులు కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము. ఆరోగ్యం కోసమో సరదా కోసమో సైకిలు తొక్కేవారు కూడా ఉన్నారు, సంతోషమే. మేము చెప్పబోయేది మాత్రం, తొక్కకపోతే ఆనాటి పని దొరకనివారి మాట.

సైకిళ్ల కాలం పోయింది, ఇప్పుడు అందరికీ మోటారు బండ్లే అని కొందరు అంటారు. 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయము, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసుకొనేవారిని, పనికి ఎలా వెళతారని అడిగారు. దేశం మొత్తంలో సుమారు 2 కోట్ల 60 లక్షల మంది సైకిలు మీద వెళతామని చెప్పారు. స్కూటరు, మోటారు సైకిలు మీద వెళ్లేవారు అప్పటికి అంతకంటె కొంచెం తక్కువే. ఆ తరువాత మోటారు బండ్లు బాగా పెరిగిన మాట నిజమే. మన చిన్ననాట ప్రతి ఊరిలో కనబడిన అట్లాస్ సైకిలు సంగతి చూడండి. 1951లో మొదలైన ఆ కంపెనీ, సాహిబాబాద్‌లోని తన కర్మాగారంలో పనిని 2020 జూన్ 3న నిలిపివేసింది. ఆ దినం ప్రపంచ సైకిలు దినం కూడా! అయినను తెల్లవారుజామున ఐదు గంటలకు వీధి మలుపులో నిలబడితే సైకిలు బ్రతికే ఉన్నదని తెలుస్తుంది. పేపరు వేసే పిల్లలు, పూలమ్మేవారు, ఫ్లాస్కు కట్టుకొని టీ అమ్మేవారు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి పోయే ముసలివారు, ట్యూషనుకు పోయే బడి పిల్లలు - వీరి కాళ్ల కింద ఇప్పటికీ సైకిలే.

హిందూపురం

మూడింటిలో ఎత్తైనది, చలి ఎక్కువైనది హిందూపురం. సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్నది. ధర్మవరం దానికంటె రెండు వందల మీటర్లకు పైగా పల్లంలో ఉన్నది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది గనుక, ఈ ఎత్తు ఒక్కటే రెండు ఊళ్ల మధ్య ఒకటిన్నర డిగ్రీల తేడా తెస్తుంది. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఉత్తరాదివారు వింటే ఇదీ ఒక చలియేనా అని నవ్వవచ్చు. మే నెలలో 40 డిగ్రీలకు అలవాటు పడిన ఒంటికి, పలచని చొక్కా మీద ఇది చలియే.

సైకిలు తొక్కేవాడు తన గాలిని తానే పుట్టించుకొంటాడు. చెట్టు ఆకు కదలని ఉదయాన కూడా, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతే అంత గాలి అతని రొమ్ముకు తగులుతుంది. పైగా రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి పల్లాలలోకి దిగి నిలుస్తుంది. నంది కొండలలో పుట్టిన పెన్న ఈ హిందూపురం పక్కగానే మన రాష్ట్రంలోకి వస్తుంది. పరిగి దగ్గర జయమంగళి దానిలో కలుస్తుంది. ఆ వైపు ఊళ్ల నుండి పట్టణానికి వచ్చేవారు వంక దగ్గర దిగేటప్పుడు చన్నీళ్లలో దిగినట్టు ఉంటుందనీ, గట్టు ఎక్కగానే కొంచెం వెచ్చబడుతుందనీ చెబుతారు. బస్సులో కూర్చున్నవారికి ఈ సంగతి తెలియదు. సైకిలు మీద వచ్చేవారికి ప్రతి పల్లమూ ముఖం మీద తెలుస్తుంది.

హిందూపురం లక్షా యాభై వేలకు పైగా జనమున్న పట్టణం. చింతపండు, బెల్లం, మిరపకాయల వ్యాపారానికి పేరుబడినది. పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్నది. తూముకుంట వైపు ఫ్యాక్టరీలు ఉన్నవి. పట్టుగూళ్ల మూటలు ఇప్పుడు ఆటోలలో వస్తాయి గాని, వాటిని దింపే హమాలీలలో పలువురు సైకిళ్ల మీదనే వస్తారు. బెంగుళూరుకు రైలులో పోయి పని చేసుకొని రాత్రికి తిరిగి వచ్చేవారు స్టేషను దాకా సైకిలు తొక్కుకొని వచ్చి, దానిని అక్కడ పెట్టి బండి ఎక్కుతారు. అలాంటివారికి చలికాలంలో రాకా పోకా రెండూ చీకటే.

ఈ ఊరి పాతకాపులు చలికి చేసే ఉపాయం ఒకటి మాకు నచ్చింది. చొక్కా లోపల, రొమ్ము మీద, నిన్నటి దినపత్రిక ఒకటి మడిచి పెట్టుకొంటారు. కాగితం మడతల మధ్య నిలిచిన గాలి చలిని లోపలికి రానీయదు. ఐరోపాలో పేరున్న సైకిలు పందెగాండ్రు కూడా కొండ దిగేటప్పుడు ఇలాగే చేసేవారు. పది నిమిషాలు తొక్కేసరికి ఒళ్లు తానే వేడెక్కుతుంది. అప్పుడు కాగితం తీసివేస్తే చెమట పట్టదు. లావుపాటి స్వెట్టరు వేసుకొని చెమటతో తడిసి, తరువాత నిలబడి పని చేసేచోట వణికేకంటె ఇది మేలు.

పెనుకొండ

హిందూపురం నుండి ఉత్తరంగా సోమందేపల్లి మీదుగా వస్తే పెనుకొండ. ఘనగిరి అని దీనికి మరొక పేరు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని ఇక్కడికి మార్చుకొన్నారు. గగన మహలు, కోట గోడలు, బాబయ్య దర్గా చూడడానికి దూరపు ఊళ్లవారు వస్తారు. కోటను చూచేవారు ఎండ ఎక్కిన తరువాత వస్తారు గనుక, తెల్లవారుజామున ఈ ఊరు ఎలా ఉంటుందో వారికి తెలియదు. కొండ పెద్ద నల్లని గోడలాగు నిలబడి ఉంటుంది. దాని కింద వీధులలో మనుష్యుల అలికిడి ఉంటుంది గాని ఆకారాలు కనబడవు.

ఇక్కడ చలి కంటె భయపడవలసినది ఒకటి ఉన్నది. శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ మీదుగా పోతుంది. పాతవారు దీనిని ఏడవ నంబరు రోడ్డు అనేవారు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారంలో 2019లో తయారీ మొదలైన తరువాత ఈ దారిలో లారీల రాకపోకలు ఇంకా పెరిగినవి. హైదరాబాదులో రాత్రి బయలుదేరిన బెంగుళూరు బస్సులు పెనుకొండ దాటేది సరిగ్గా తెల్లవారుజామునే. రాత్రంతా బండి నడిపిన డ్రైవరుకు కళ్లు మూతలు పడే వేళ అది. మన మనిషి పాలక్యాను కట్టుకొనో, పారా గంప కట్టుకొనో రోడ్డు ఎక్కే వేళ కూడా అదే.

ఇక మన సీమలో చలికి కప్పుకొనేది నల్ల కంబళి. కురుబవారు గొర్రె బొచ్చుతో నేసిన కంబళి వెచ్చదనానికి సాటి లేదు. అయితే అది చీకటిలో చీకటిగా కలిసిపోతుంది. ఎదుటి బండ్ల కోసం లైటు దించుకొని వచ్చే డ్రైవరుకు, నల్ల బట్ట కప్పుకొన్నవాడు ముప్పై మీటర్ల దూరం వచ్చేదాకా కనబడకపోవచ్చు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో పదహారు మీటర్లకు పైగా దూసుకొని వస్తుంది. చూచి, కాలు బ్రేకు మీద పెట్టి, బండి పూర్తిగా ఆగేసరికి నలభై మీటర్లు కావాలి. ముప్పై మీటర్లలో కనబడిన మనిషికి నలభై మీటర్లలో ఆగే బండి ఏమి మేలు చేయగలదు? డ్రైవరు మంచివాడే కావచ్చు, మెలకువగానే ఉండవచ్చు. లెక్క మాత్రం తప్పదు.

మరొక సంగతి. రోడ్డు నాలుగు వరుసలై నడుమ గట్టు వచ్చిన తరువాత, అవతలి పక్కకు దాటాలంటే చాలా దూరం పోయి తిరిగి రావాలి. ఆ దూరానికి బద్దకించి పలువురు ఎదురు దారిలోనే సైకిలు తొక్కుతారు. పగలైతే ఎదురుగా వచ్చే బండిని చూచి పక్కకు తప్పుకోవచ్చు. చీకటిలో లైటు కంట్లో పడితే రోడ్డు అంచే కనబడదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. వారిలో నాలుగు వేల ఎనిమిది వందల మందికి పైగా సైకిలు మీద పోతున్నవారే.

ధర్మవరం

ధర్మవరం చేరేసరికి చలి కొంచెం తగ్గుతుంది గాని, ఎదురుగాలి తోడవుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుండి వస్తుంది గనుక, ఉత్తరంగా పోయే దారులలో అది నేరుగా ముఖానికే తగులుతుంది. ఆషాఢంలో పడమటి నుండి వీచే గాలితో పోల్చితే దీనికి బలం తక్కువే. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ పడమటి గాలిని నమ్ముకొనే. చలికాలపు గాలి నెట్టదు, కొరుకుతుంది.

చిత్రావతి పక్కనున్న ఈ ఊరు పట్టుచీరలకు పుట్టిల్లు. ఇంటింటా గుంత మగ్గాలు. సొంత మగ్గం లేనివారు ఇంకొకరి ఇంట నేయడానికి తెల్లవారక ముందే బయలుదేరతారు. నేత పని వేళ్ల పని. తెగిన పోగును అతకాలంటే వేళ్లు మెత్తగా కదలాలి. సైకిలు తొక్కేటప్పుడు కాళ్లు పని చేస్తాయి గనుక వెచ్చగా ఉంటాయి. చేతులు మాత్రం కదలకుండా హ్యాండిలు పట్టుకొని, గాలికి ముందు నిలబడతాయి. అందుకే మొదట కొంకర్లు పోయేది చేతివేళ్లే. పాత మేజోళ్లను చేతులకు తొడుక్కొని తొక్కే నేతగాండ్రను మేము చూచాము. చూడడానికి నవ్వు పుట్టించినా, మగ్గం ముందు కూర్చున్న మొదటి గంటలో దాని విలువ తెలుస్తుందని వారు చెప్పారు.

పంచర్ల కాలం కూడా ఇదే. వానలకు పెరిగిన పల్లేరు ఈ నెలల్లో ఎండి, కాయలు దారి మీద రాలుతాయి. దానికి సర్కారు తుమ్మ ముళ్లు తోడు. మరొక చిత్రం చూడండి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో గాలి కొట్టించిన టైరు, మరునాడు 15 డిగ్రీల చలిలో కొంచెం మెత్తబడి ఉంటుంది. గాలి ఎటూ పోలేదు, చల్లబడి దగ్గరకు ముడుచుకొన్నది, అంతే. లోపలి ఒత్తిడిలో సుమారు ఇరవయ్యో వంతు తగ్గుతుంది. 1888లో బెల్‌ఫాస్ట్ పట్టణంలో డన్‌లప్ అనే పశువుల వైద్యుడు తన కుమారుని మూడు చక్రాల బండికి గాలి టైరు చేసిపెట్టిన నాటినుండి ఈ సంగతి అందరికీ ఒకటే. వాల్‌ట్యూబు పాతదైతే మరికొంత గాలి నిజంగానే పోతుంది. మెత్తని టైరు మీద బరువు కట్టుకొని తొక్కితే శ్రమ పెరుగుతుంది, ముల్లూ తొందరగా దిగుతుంది.

గుంతకల్లు, బెంగుళూరు, పాకాల వైపులకు రైలు దారులు చీలే జంక్షను ఇది. గేట్ల దగ్గర మంచు పడి తడిసిన పట్టాలు నూనె రాసినట్టు జారుతాయి. వాటిని ఏటవాలుగా కాక అడ్డంగా, నిటారుగా దాటాలి. అంతకంటె మంచిది, దిగి నడిపించుకొని పోవడం.

ఏది అన్నిటికంటె చీకటి ఉదయం?

చలికాలంలో మాకు ఎక్కువ దిగులు కలిగించేది పదవ తరగతి పిల్లల సంగతి. మార్చిలో పరీక్షలు గనుక డిసెంబరు నుండే తెల్లవారి ట్యూషన్లు, ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు మన ఊళ్ల ఆడపిల్లలు ఎంతోమంది మొదటిసారి తమ సొంత సైకిలు ఎక్కారు. అది గొప్ప మేలు. ఆ పిల్లలు ఐదున్నరకే రోడ్డు మీద ఉండడమే మా దిగులు.

సంక్రాంతి దాటితే పొద్దు పెరుగుతుంది, ఇక భయం లేదని పెద్దలు అంటారు. పగలు పెరిగే మాట నిజమే గాని, ఆ పెరుగుదల సాయంకాలపు వైపున వస్తుంది. డిసెంబరు 22న హిందూపురంలో సూర్యుడు ఉదయించేది సుమారు 6.39కి. నెల తరువాత, జనవరి 22న, సుమారు 6.48కి. అంటే తెల్లవారడం తొమ్మిది నిమిషాలు ఇంకా ఆలస్యమవుతుంది! సాయంకాలం పదిహేడు నిమిషాలు సాగుతుంది. భూమి తిరిగే దారి సరిగ్గా గుండ్రం కాకపోవడం, దాని ఇరుసు ఒరిగి ఉండడం, ఈ రెంటివలన ఈ దినాలలో సూర్యుడు గడియారం కంటె రోజుకు కొంచెం కొంచెం వెనుకబడతాడు. దానికి తోడు మన సీమ పడమట ఉన్నది. సూర్యుడు కాకినాడ నడినెత్తికి వచ్చిన దాదాపు ఇరవై నిమిషాలకు గాని హిందూపురం నడినెత్తికి రాడు. గడియారం మాత్రం రెండు ఊళ్లకూ ఒకటే.

కాబట్టి తల్లిదండ్రులారా, సైకిలు పిల్లలకు ఏడాదిలో అన్నిటికంటె చీకటి ఉదయాలు జనవరి మూడవ, నాలుగవ వారాలలో వస్తాయి. పండుగ దాటింది గదా అని మనం ధైర్యపడే దినాలే అవి. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు మాత్రమే దారి కనబడేంత వెలుగు వస్తుంది. 6.25కు ముందు రోడ్డు మీద ఉన్న బిడ్డ చీకటిలో ఉన్నట్టే.

ఏమి చేయవచ్చు?

ఫిన్లండ్ దేశపు ఉత్తర భాగాన ఊలు అనే పట్టణం ఉన్నది. అక్కడ చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి దిగినా జనులు సైకిలు మీద పనికి, పిల్లలు బడికి పోతారు. చలికాలపు సైకిలు ప్రయాణాన్ని గురించి ప్రపంచ స్థాయి సమావేశం మొదటిసారి 2013లో జరిగింది అక్కడే. వారు మనకంటె గట్టివారని కాదు. సైకిళ్లకు వేరే దారులు వేశారు, తెల్లవారేసరికి మంచు తీసివేస్తారు, దారి పొడుగునా దీపాలు పెట్టారు. సైకిలు మీద పోయే మనిషి అందరికీ కనబడేటట్టు చూచుకొన్నారు, అదే అసలు సంగతి. మనకు మంచు తీసే పని లేదు. కనబడే పని మాత్రం మిగిలి ఉన్నది.

అది ఖర్చుతో కూడిన పని ఎంతమాత్రము కాదు. పూర్వం చక్రానికి ఆనుకొని తిరిగే డైనమో దీపం ఉండేది. తొక్కడం బరువయ్యేది, ఆగితే దీపం ఆరిపోయేది. ఇప్పుడు చిన్న బ్యాటరీ దీపాలు తక్కువ వెలకే దొరుకుతున్నవి. ముందు తెల్లది, వెనుక ఎర్రది ఉంటే చాలు. అదీ కొనలేనివారు స్టిక్కర్ల కొట్టులో రేడియం పట్టీ అడగండి. లారీల వెనుక మెరిసేది అదే. వెనుక మడ్‌గార్డుకు ఎర్రది ఒక ముక్క, రెండు పెడళ్లకు పసుపువి చెరొక ముక్క అంటించండి. పైకీ కిందికీ ఆడే పెడలు మెరుపును చూడగానే, అది సైకిలు అని డ్రైవరుకు దూరం నుండే తెలిసిపోతుంది. కంబళి కప్పుకొన్నవారు దాని మీద తెల్లని తువ్వాలు ఒకటి వేసుకోవాలి. తువ్వాలు కొసలు, ఆడపిల్లల చున్నీలు చక్రంలో పడకుండా ముడి వేసుకోవాలి. మంకీ క్యాపు పెట్టుకొన్నవారికి వెనుక హారను సరిగా వినబడదు గనుక, రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా తిప్పి చూడాలి. వారానికి రెండుసార్లు గాలి, నెలకు ఒకసారి గొలుసుకు ఆయిలు, బ్రేకు రబ్బర్లు అరిగితే అదే దినం మార్పు - ఇవి మరువకూడదు.

ట్యూషను చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. డిసెంబరు, జనవరి నెలలలో తరగతిని ఆరున్నరకు మొదలుపెట్టి, తరుగు పడిన సమయాన్ని సాయంకాలంలో చేర్చుకోవచ్చును. సాయంకాలపు వెలుగు ఆ దినాలలో పెరుగుతూనే ఉంటుంది గదా. మోటారు బండ్లు, కార్లు ఉన్నవారికి కూడా ఒక మనవి. ఆ వేళలో ఊరి పొలిమేరలు దాటేటప్పుడు వేగం తగ్గించండి. అద్దం మీది మంచు పూర్తిగా తుడిచిన తరువాతనే బండి కదిలించండి.

ఒక మూర రేడియం పట్టీ కొంటే అది ఒక సైకిలుకు పోగా మిగులుతుంది. మిగిలినదానిని మీ వీధిలో పాలు పోసే మనిషి సైకిలుకు, పేపరు వేసే పిల్లవాని సైకిలుకు మీ చేతితోనే అంటించండి. తెల్లవారకముందే మన గుమ్మం దాకా వచ్చి పోయేవారు వారు. మనం లేచేసరికి పాలు, పేపరు గుమ్మంలో ఉంటాయి గాని, తెచ్చినవారి ముఖం మనం చూడము. వారిని రోడ్డు మీద డ్రైవర్లయినా చూడాలి. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసే దినాలలోనే ఈ పని కూడా ముగించుకొంటే, జనవరి చివరి చీకటి ఉదయాలకు మన వీధి సైకిళ్లన్నీ సిద్ధంగా ఉంటాయి.